నిక్షేపం నిక్షేపంగా ఉండాలంటే: నెట్‌వర్క్ నిలువపెట్టెల చరిత్ర

"నిక్షేపం" అనే మాటకు తెలుగులో రెండు బ్రతుకులున్నాయి. మనుస్మృతి వ్యవహారపదాలను పదునెనిమిదిగా లెక్కించినప్పుడు ఋణాదానం తరువాత రెండవదిగా నిక్షేపాన్ని పేర్కొన్నది. నమ్మకంతో ఒకరివద్ద దాచుకొన్న సొమ్ము అని అక్కడ అర్థం. భూమిలో పాతిపెట్టిన ధనానికి కూడా ఆ పేరే వాడుకలోకి వచ్చింది. రెండవ బ్రతుకు మన ఇళ్ళలోనిది. "అబ్బాయి ఎలా ఉన్నాడండీ?" అని అడిగితే "నిక్షేపంగా ఉన్నాడు" అంటాం. ఏ లోటూ లేక, చెక్కు చెదరక ఉన్నాడని భావం. దాచినది క్షేమంగానే ఉంటుందన్న విశ్వాసమే ఈ రెండు అర్థాలను కలిపిన ముడి. ఆ ముడి అన్నివేళలా బిగువుగా ఉంటుందా అన్నదే ఈ వ్యాసానికి విషయం.

నేడు అనేక గృహాలలోనూ, చిన్న కార్యాలయాలలోనూ ఒక మూల నిశ్శబ్దంగా వెలుగుతూ ఒక పెట్టె కనిపిస్తున్నది. దానిని నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అంటారు. పొడి అక్షరాలలో నాస్. తెలుగులో నెట్‌వర్క్ నిలువపెట్టె అనుకొందాం. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులు, వాటిని నడిపే ఒక చిన్న కంప్యూటరు ఉంటాయి. తెర ఉండదు, కీబోర్డు ఉండదు. ఇంటర్నెట్ కోసం పెట్టుకొన్న రౌటరుకు ఒక తీగతో కలిపితే చాలు, ఇంటిలోని ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ అన్నీ ఆ పెట్టెలోని ఫైళ్ళను అందుకోగలవు. అమ్మాయి పెళ్ళి ఫోటోలు, తాతగారి ఉత్తరాలకు తీసిన స్కానింగులు, కార్యాలయపు జమాఖర్చులు తలా ఒక కంప్యూటరులో చెల్లాచెదరుగా పడి ఉండక ఒకే చోట ఉంటాయి. ఉమ్మడి కుటుంబంలోని భోషాణం వంటిది ఇది. ఎవరు ఏ అర తెరవవచ్చునో, ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్చవచ్చునో ఇంటి యజమాని నిర్ణయించవచ్చు.

ఈ పెట్టె పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టపడుతుంది. పదిమందీ పంచుకోవడం ఒక అవసరం, పదికాలాలు నిలుపుకోవడం మరొక అవసరం. ఈ యంత్రం మొదటిదానికోసం పుట్టింది. రెండవదానికి కూడా ఇదే చాలునని నమ్మినచోటనే నష్టాలు జరిగాయి.

బడిపంతులు తిప్పిన పళ్ళాలు

ఈ కథలో మొదట స్మరించవలసిన వ్యక్తి ఒక బడిపంతులు కావడం నావంటివానికి సంతోషం కలిగించే విషయం. 1930ల తొలినాళ్ళలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో రేనాల్డ్ జాన్సన్ అనే ఆయన ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించేవాడు. సరైన జవాబుకు ఎదురుగా పెన్సిలుతో గుర్తు పెట్టే పరీక్షలను దిద్దడానికి ఆయన ఒక యంత్రాన్ని కల్పించాడు. పెన్సిలు గీతలోని గ్రాఫైట్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుందన్న చిన్న సూత్రమే దానికి ఆధారం. ఐ.బి.ఎం. సంస్థ ఆ యంత్రపు హక్కులు కొని, 1934లో ఆయననే ఉద్యోగంలోకి తీసుకొన్నది. రాత్రింబవళ్ళు జవాబుపత్రాల కట్టలతో కుస్తీపట్టిన ఉపాధ్యాయులకు ఆయనకా ఆలోచన ఎందుకు పుట్టిందో వివరించి చెప్పనక్కరలేదు.

1952లో ఆ సంస్థ ఆయనను కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరానికి పంపి ఒక కొత్త ప్రయోగశాలను నెలకొల్పమన్నది. అప్పటికి సమాచారాన్ని రంధ్రాలు పొడిచిన కార్డుల మీద, అయస్కాంత టేపుల మీద నిలువచేసేవారు. టేపులో నడిమి సంగతి కావాలంటే మొదటినుండి చుట్ట విప్పుకొంటూ పోవలసిందే. జాన్సన్ బృందం గుండ్రని పళ్ళాలకు అయస్కాంత పూత పూసి, వాటిని వేగంగా తిప్పుతూ, కావలసిన చోటికి చదివే ముల్లును నేరుగా చేర్చే ఉపాయం కనిపెట్టింది. 1956 సెప్టెంబరులో 305 రామాక్ పేరుతో ప్రకటించిన కంప్యూటరులోని నిలువ భాగంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళాలు 50 ఉండేవి. మొత్తం 50 లక్షల అక్షరాలు పట్టేవి. బరువు టన్నుకు పైమాటే. నెల అద్దె 3,200 డాలర్లు. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అందులో పడితే గొప్ప. అయినను నేటి హార్డ్ డిస్కులన్నిటికీ వంశకర్త అదే.

ఒక గాదె, పదిమంది రైతులు

పళ్ళాలు చిన్నవైనాయి, ధర తగ్గింది, కంప్యూటరు బల్లమీదికి వచ్చింది. కాని 1980ల ఆరంభంలో ప్రతి బల్లకూ ఒక హార్డ్ డిస్కు కొనడం కార్యాలయాలకు తలకు మించిన పని. ఎవరికి వారు గాదె కట్టుకోలేని ఊరిలో ఉమ్మడి గాదె ఒకటి కట్టుకొన్నట్లు, ఒక్క డిస్కును పదిమంది పంచుకొనే మార్గాలు వెదికారు. కంప్యూటర్లను తీగతో ముడివేసే ఈథర్‌నెట్ పద్ధతిని రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లోనే జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయంలో రూపొందించి ఉన్నాడు.

పంచుకోవడానికి మొదట తోచిన ఉపాయం డిస్కును ముక్కలుగా కోసి తలా ఒక ముక్క ఇవ్వడం. దానివల్ల స్థలం పంచుకొన్నారే గాని సమాచారం పంచుకోలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నోవెల్ సంస్థ 1983లో నెట్‌వేర్ అనే వ్యవస్థతో వేరొక దారి తొక్కింది. గ్రంథాలయంలో పాఠకులకు బీరువాల తాళాలు పంచిపెట్టడం ఒక పద్ధతి. గ్రంథపాలకుడు బల్ల దగ్గర కూర్చుండి, అడిగినవారికి అడిగిన పుస్తకం తీసి ఇచ్చి, ఒకరు దిద్దుతున్నప్పుడు మరొకరు అదే పుటమీద కలం పెట్టకుండా చూడడం మరొక పద్ధతి. నెట్‌వేర్ చేసినది ఈ రెండవ పని. ఫైల్ సర్వర్ అన్న మాటకు అర్థం ఇదే.

ఇంచుమించు అదే కాలంలో రెండు భాషలు పుట్టాయి. భాషలని ఎందుకంటున్నానంటే, ఒక యంత్రం మరొక యంత్రాన్ని ఫైలు అడగడానికి వాడే నియమాలు వ్యాకరణం వంటివే. వినోద్ ఖోస్లా మొదలైనవారు 1982లో స్థాపించిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో ఎన్.ఎఫ్.ఎస్. అనే దానిని రూపొందించి, దాని నియమాలను ఇతరులకు కూడా తెలియజేసింది. యూనిక్స్ యంత్రాలు దానిని స్వీకరించాయి. ఐ.బి.ఎం.లో బారీ ఫైగెన్‌బామ్ 1983లో రూపొందించినది రెండవ భాష. ఎస్.ఎం.బి. అనే ఆ పద్ధతిని పిదప మైక్రోసాఫ్ట్ సంస్థ చేపట్టి, విండోస్ ఉన్న ప్రతి కంప్యూటరుకూ చేర్చింది. ఒక ఊరివారిది ఒక భాష, పొరుగూరివారిది మరొకటి. నడుమ దుబాసీ లేడు.

ఆ దుబాసీ పని చేసినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి. 1991 చివరలో, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరంలో చదువుకొంటూ, రెండు యంత్రాల నడుమ తీగమీద సాగే సంకేతాలను గమనించి, వ్యాకరణ గ్రంథం లేని భాషను వినికిడిచేతనే పట్టుకొన్నట్లు ఆ నియమాలను రాబట్టాడు. తాను వ్రాసిన ప్రోగ్రామును 1992 జనవరిలో ఉచితంగా లోకానికి ఇచ్చాడు. తరువాత వాడుతూ వచ్చిన పేరు మీద మరొక సంస్థకు హక్కు ఉండడంతో కొత్త పేరు కావలసివచ్చింది. ఎస్, ఎం, బి అనే మూడక్షరాలు అదే వరుసలో వచ్చే మాటలకోసం కంప్యూటరులోని నిఘంటువును గాలించాడు. "సాంబా" దొరికింది. అవధానంలో న్యస్తాక్షరి పూరించినవారికి ఈ ముచ్చట ప్రత్యేకంగా రుచిస్తుంది. నేడు ఇళ్ళలోని నిలువపెట్టెలలో అధిక భాగం లోపల పనిచేస్తున్నది ఈ సాంబానే.

ఇంతవరకు జరిగినదంతా పంచుకోవడం గురించి. నిలుపుకోవడం గురించి ఒక్క మాట లేదని పాఠకులు గమనించాలి.

చెరిగిన అంకెను రాబట్టే లెక్క

ఉమ్మడి డిస్కు ఒకటే అయినప్పుడు అది చెడితే అందరి పనీ ఆగిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు 1988లో ప్రచురించిన వ్యాసంలో దీనికి పరిష్కారం చూపారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనడానికి బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి, వాటిమధ్య లెక్క ఒకటి నిలుపుదాం అన్నారు. దానికి రెయిడ్ అని పేరు.

లెక్క చాలా సులభం. మూడు పలకల మీద 7, 5, 9 అని వ్రాసి, నాలుగవ పలక మీద మొత్తం 21 అని వ్రాయండి. రెండవ పలక పగిలిపోయిందనుకోండి. 21 నుండి 7, 9 తీసివేస్తే పోయిన 5 తిరిగివస్తుంది. యంత్రం కూడికకు బదులుగా బిట్ల సరిబేసి లెక్క వాడుతుంది. సూత్రం మాత్రం ఇదే. రెండే డిస్కులున్న పెట్టెలో ఈ లెక్క కూడా అక్కరలేదు. ఒకదాని మీద వ్రాసినది రెండవదాని మీద కూడా అలాగే వ్రాస్తారు.

ఇక్కడనే అసలు భ్రమ మొదలవుతుంది. పలక పగిలితే రెయిడ్ కాపాడుతుంది. కాని ఎవరైనా చేతితో 5ను చెరిపివేస్తే? యజమాని చెరపమన్నాడు కాబట్టి యంత్రం విధేయంగా చెరుపుతుంది, మొత్తాన్ని కూడా 16 అని దిద్దుతుంది. అద్దంలో ప్రతిబింబం రెండవ మనిషి కాదు. మనిషి లేచిపోతే అదీ లేచిపోతుంది. దొంగ పెట్టెనే ఎత్తుకొనిపోయినా, పిడుగుపాటుకు లోపలి డిస్కులన్నీ ఒకేసారి మాడిపోయినా రెయిడ్ చేయగలిగినది లేదు. ఇది పని ఆగకుండా చూసే ఏర్పాటు. దీనిని ప్రతి అని పిలువరాదు.

ఒకే పని చేసే యంత్రం ఇంటికి వచ్చుట

ఈ పనికోసమే ప్రత్యేక యంత్రాన్ని ఆస్పెక్స్ అనే సంస్థ 1989లో విడుదల చేసింది. అక్కడ పనిచేసిన డేవిడ్ హిట్జ్, జేమ్స్ లా అనే ఇద్దరు, మైకేల్ మాల్కమ్‌తో కలిసి 1992లో నెట్‌వర్క్ అప్లయన్స్ అనే సంస్థను స్థాపించారు. నేడు దానిని నెట్‌యాప్ అంటున్నారు. వారి ఊహ చాలా నిరాడంబరమైనది. వంటింట్లో పిండి రుబ్బే యంత్రం పాట పాడదు, వార్తలు చెప్పదు. రుబ్బడమే దాని పని. అలాగే ఫైళ్ళను దాచి అందించడం తప్ప మరే పనీ చేయని యంత్రం కావాలి. తీగ తగిలించి మీట నొక్కితే పనిచేయాలి. నెట్‌వర్క్ నిలువపెట్టెకు నేటి రూపం అక్కడ వచ్చింది.

వారి యంత్రంలో మరొక సుగుణం ఉండేది. ఫైలును మార్చినప్పుడు పాత వ్రాతమీదనే కొత్తది వ్రాయక, కొత్తదానిని వేరొక చోట వ్రాసేది. కాబట్టి నిన్నటి స్థితిని ఒక చిత్తరువుగా నిలిపి ఉంచడం తేలిక. దీనినే స్నాప్‌షాట్ అంటారు. పొరపాటున చెరిపినదానిని తిరిగి పొందడానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. అయితే ఆ చిత్తరువు కూడా అదే పెట్టెలో ఉంటుందని మరువరాదు.

ఇంటికి ఈ యంత్రం రావడానికి మరికొంత కాలం పట్టింది. డిజిటల్ కెమెరాలు, బ్రాడ్‌బ్యాండ్, వైఫై ఇళ్ళలో ప్రవేశించిన తరువాతనే గృహస్థుకు దీని అవసరం కలిగింది. తైవాన్‌లో 2000లో సినాలజీ, 2004లో క్యూనాప్ సంస్థలు వెలిశాయి. 2004లోనే లింక్‌సిస్ సంస్థ అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెను విడుదల చేసింది. దానికి బయటి డిస్కును తగిలించుకొంటే చాలు. ఫ్రాన్సు దేశీయుడు ఒలివియే కొషార్-లాబే 2005లో ఫ్రీనాస్ అనే ఉచిత వ్యవస్థను ఆరంభించాడు. మూలనపడిన పాత కంప్యూటరును సైతం నిలువపెట్టెగా మార్చుకోవడానికి అది దారి చూపింది. 2020 నుండి అది ట్రూనాస్ అన్న పేరుతో సాగుతున్నది.

నిక్షేపాలు పోయిన వైనం

చరిత్ర అనగా విజయాల పట్టిక మాత్రమే కాదు. పోగొట్టుకొన్నవారి అనుభవాలు కూడా చెప్పుకోవాలి.

1998లో అమెరికాలోని పిక్సార్ చిత్రసంస్థలో టాయ్ స్టోరీ 2 నిర్మాణం సాగుతున్నది. ఒకనాడు ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో ఉమ్మడి నిలువలోని చిత్రం ఫైళ్ళు వరుసగా మాయం కాసాగాయి. గమనించి యంత్రం ఆపేలోగా అధిక భాగం పోయింది. ప్రతులున్నాయి కదా అని టేపులు తెచ్చి చూస్తే అవి కొంతకాలంగా సరిగా వ్రాయబడనే లేదు. సాంకేతిక పర్యవేక్షకురాలు గ్యాలిన్ సస్‌మన్ కొద్దికాలం క్రితమే బిడ్డను కని, ఇంటినుండి పనిచేస్తూ, ఆ ఫైళ్ళను తన ఇంటి కంప్యూటరులోకి తెప్పించుకొంటూ ఉండేది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో పడుకోబెట్టి పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా కార్యాలయానికి చేర్చారు. తరువాత కథ నచ్చక ఆ చిత్రాన్ని చాలవరకు మళ్ళీ చేసుకొన్నారు, అది వేరే సంగతి. కోట్ల రూపాయల సంస్థలోని ఉమ్మడి గాదె ఖాళీ అయిన రోజున ఆదుకొన్నది ఒక బాలింత ఇంటిలోని విడి ప్రతి.

2017 మేలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము లోకమంతా వ్యాపించి, ఫైళ్ళను తాళం వేసి సొమ్ము అడిగింది. అది ప్రవేశించిన ద్వారం మనం ఇంతకుముందు చెప్పుకొన్న ఎస్.ఎం.బి. భాష తాలూకు పాత రూపంలోని ఒక లోపం. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు సైతం దాని వాతపడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మందు ఇచ్చింది. మందు వచ్చినా వేసుకోనివారు చాలామంది ఉండిపోయారు. పంచుకోవడానికి తెరిచిన తలుపు దొంగకు కూడా తలుపేనని ఆ సంఘటన నేర్పింది.

2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థవారి మై బుక్ లైవ్ అనే గృహ నిలువపెట్టెలు ఎన్నో దేశాలలో ఒక్కసారిగా తుడిచిపెట్టుకొనిపోయాయి. ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన ఆ పెట్టెలలోకి ఎవరో ప్రవేశించి, కొత్తగా కొన్ననాటి స్థితికి మార్చివేశారు. 2015 తరువాత వాటికి మరమ్మతు ప్రోగ్రాములు రాలేదు. వేలాది కుటుంబాల ఫోటోలు కొన్ని గంటలలో ఆవిరైనాయి. అదే ఏడాది, మరుసటి ఏడాది క్యూనాప్ పెట్టెల మీద కూడా తాళం వేసి సొమ్ము అడిగే దాడులు జరిగాయి.

ఇక చావు యంత్రానికే కాదు, యంత్రం చేసిన సంస్థకు కూడా ఉంటుంది. 2007లో వచ్చిన డ్రోబో అనే పెట్టె వాడుకలో మిక్కిలి సులువైనదిగా పేరు తెచ్చుకొన్నది. కాని అందులోని డిస్కుల అమరిక ఆ సంస్థకే ప్రత్యేకమైనది. 2022లో సంస్థ దివాలా పిటిషన్ వేసి, మరుసటి ఏడాది మూతపడింది. పెట్టె చెడితే అందులోని డిస్కులను మామూలు కంప్యూటరుకు తగిలించి చదువుకోవడం కుదరదు. చదవగలవారు లేని లిపిలో వ్రాసిన శాసనం రాయి చెదరకపోయినా మూగదే కదా!

ఆకు పోయింది, కావ్యం ఉంది

మన సాహిత్య చరిత్ర ఈ విషయంలో ఏమి చెబుతున్నదో చూద్దాం. నన్నయ భారతాన్ని తొలిసారి వ్రాసిన తాటాకులు నేడు లేవు. ఆయన భారతం మాత్రం ఉంది. ఆకు ఎంత మంచిదైనా పురుగు, తేమ, నిప్పు దానిని బ్రతకనీయవు. దానిని గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసినందువల్ల కావ్యం నిలువలేదు. ఆకు శిథిలం కాకముందే ఒక లేఖకుడు కూర్చుండి దానికి మరొక ప్రతి వ్రాసినందువల్ల నిలిచింది. ఆ ప్రతి మరొక ఊరు చేరింది, అక్కడ ఇంకొక ప్రతి పుట్టింది. ఒక ఊరిలో ఇల్లు కాలితే మరొక ఊరిలోని ఆకు మిగిలింది.

1820లో కడప చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ సూత్రాన్ని ఒక ఉద్యమంగా నడిపాడు. ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, జూలూరి అప్పయ్య మొదలైన పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన సేకరణలు మద్రాసు చేరి, నేడు చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. భాండాగారం మనకు కనిపించే ఫలం. ప్రతి వ్రాయడం దానికి వేరు.

ఇక్కడ ఒక చక్కని సంగతి చెప్పాలి. పంచుకోవడానికి సాంబాను ఇచ్చిన ఆ ట్రిడ్జెల్ మహాశయుడే 1996లో పాల్ మాకెరాస్‌తో కలిసి ఆర్‌సింక్ అనే మరొక ప్రోగ్రామును వెలువరించాడు. అది చేసే పని ప్రతులు తీయడం. రెండుచోట్ల ఉన్న ఫైళ్ళను పోల్చి, తేడా ఉన్న భాగాన్ని మాత్రమే పంపి, రెండవ ప్రతిని మొదటిదానితో సమానం చేస్తుంది. బ్రౌన్ పండితులు పాఠాంతరాలు పరిశీలించినట్లే ఇది కూడా భేదాన్ని వెదుకుతుంది. అయితే పండితులకు ఏ పాఠం మేలో నిర్ణయించే వివేకం ఉంది, యంత్రానికి లేదు. ఒకే మనిషి పంచుకోవడానికి ఒక పనిముట్టు, ప్రతి తీయడానికి మరొక పనిముట్టు చేయవలసివచ్చిందంటే అవి రెండూ వేర్వేరు ధర్మాలన్నమాట.

మరీ దగ్గరి ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారి ప్రేరణతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రణాళికలో భాగంగా బెంగుళూరు, హైదరాబాదు మొదలైన చోట్ల పుస్తకాలను స్కాన్ చేశారు. అచ్చు ఆగిపోయిన తెలుగు పుస్తకాలు ఎన్నో అందులో పాఠకులకు దొరికాయి. 2017 నాటికి ఆ సైటు పాఠకులకు అందకుండా పోయింది. నేడు ఆ పుస్తకాలను మనం చదువగలుగుతున్నామంటే, అమెరికాకు చెందిన కార్ల్ మలమూద్ వంటివారు వాటి ప్రతులను తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచడమే కారణం. కాలం మారింది, తాటాకు పోయి స్కానింగు వచ్చింది. కావ్యాన్ని బ్రతికించినది ఈసారి కూడా రెండవ ఊరిలోని ప్రతియే.

గృహస్థులకు, కార్యాలయాలవారికి

ఇంత చరిత్ర చెప్పి ఆచరణ చెప్పకపోతే పాఠం అసంపూర్ణం. నిలువపెట్టె మంచిదే, కొనుక్కోవచ్చు. పదిమంది పనిచేసే కార్యాలయంలో అది లేకపోతే ఏ పత్రానికి ఏది తుది రూపమో తెలియని గందరగోళం తప్పదు. ఇంటిలో ఫోను పోయినా ఫోటోలు మిగులుతాయి. కాని కొన్ని నియమాలు పాటించాలి.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. పెట్టెలో ఉన్నది ఒకటి. నెలకొకసారి తగిలించి, ప్రతి తీసి, ఊడదీసి బీరువాలో పెట్టే బయటి డిస్కు రెండవది. తీగ తగిలించని డిస్కుకు దొంగ ప్రోగ్రాము చేరలేదు. మూడవది మరొక ఊరిలో ఉన్న తోబుట్టువుల ఇంటిలోనో, అద్దెకు తీసుకొన్న క్లౌడ్ నిలువలోనో ఉండవచ్చు. 2009 అక్టోబరులో కర్నూలు నగరం వరదలో మునిగినప్పుడు మేడమీది గది, క్రింది గది అన్న భేదం అనేక ఇళ్ళకు లేకుండా పోయింది. అసలు, ప్రతి ఒకే ఇంట ఉంటే రెండూ ఒకే నీటిలో నానుతాయి.

పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవవద్దు. దానికి వచ్చే మరమ్మతు ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు వేయించండి. కరెంటు వస్తూపోతూ ఉండే మన ఊళ్ళలో యు.పి.ఎస్. లేకుండా దానిని నడపడం దీపం ఆరనీయకుండా గాలిలో నడవడం వంటిది. ఆరు నెలలకొకసారి ప్రతి నుండి పది ఫైళ్ళు తెరిచి చూడండి. పిక్సార్‌లో టేపులు ఉన్నాయి గాని వాటిని ఎవరూ తెరిచి చూడలేదు. సంఖ్యాబలం చూసి సైన్యం ఉందనుకోవడం కన్న ఒకనాడు కవాతు చేయించడం మేలు.

చివరి నియమం సాంకేతికం కాదు. పూర్వం భోషాణం తాళపుచెవి ఇల్లాలి నడుమున ఉండేది, ఆమె తరువాత ఎవరికి చెందాలో ఇంటిల్లిపాదికీ తెలిసేది. నిలువపెట్టె సంకేతపదం ఒక్క మనిషి జ్ఞాపకంలో మాత్రమే ఉంటే ఆ మనిషితోనే అది పోతుంది. పెట్టెలో ఏమున్నది, ప్రతులెక్కడున్నాయి, ఎలా తెరవాలి అన్న మూడు సంగతులు ఒక కాగితం మీద వ్రాసి, ఇంటి దస్తావేజులతో కలిపి ఉంచండి. పూర్వలేఖకులు గ్రంథాంతంలో ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో, ఎవరికోసం ఆ ప్రతి వ్రాశారో తెలిపే గద్య చేర్చేవారు. ఆ కాగితం మీ పెట్టెకు అటువంటి గద్య.

మన రైతు తిండిగింజలను గాదెలో పోశాడు. ఇంటిల్లిపాదీ అందులోనుండి తీసుకొన్నారు. విత్తనపు గింజలను మాత్రం వేపాకు కలిపి, వేరే కుండలో, వేరే మూల దాచాడు. గాదె నిండుగా ఉన్న ఏడాది కూడా ఆ కుండను అందులో కలుపలేదు. నెట్‌వర్క్ నిలువపెట్టె మన గాదె. విడిగా దాచిన ప్రతి మన విత్తనం. ఆ విత్తనం ఉన్న ఇంటిలోనే నిక్షేపం నిక్షేపంగా ఉంటుంది.

స్వస్తి.